పట్టిక యొక్కటి - ఎంపిక యెవరిది వారిది
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయము స్థాపించిన నాడు దాని సంపద పుస్తకములే. ఇరువదియైదు సంవత్సరములు నడచిన పిమ్మట దాని సంపద పుస్తకములు మాత్రమే గాదు. వానిని గూర్చిన లెక్క కూడ. ఏ పుస్తకము బీరువాలో నున్నది, ఏది యెవరి యింట నున్నది, ఏది చినిగి బైండింగుకు పోయినది, ఏది యెవరు కోరియున్నారు అను సంగతి తెలియనిచో, వేయి పుస్తకము లున్నను పాఠకునకు ఒక్కటియు లేనట్లే. కాబట్టి ఈ ఉత్సవ సమయమున గ్రంథాలయపు లెక్కను గూర్చి కొంత ముచ్చటించుకొనుట అప్రస్తుతము గాదు.

నేడు పల్లెటూళ్ళ గ్రంథాలయములు సైతము తమ పట్టికలను కంప్యూటరులోని కెక్కించుకొనుచున్నవి. ఇట్లు క్రమముగా అమర్చి యుంచిన సమాచార నిధినే డేటాబేసు అందురు. పట్టికను ఎక్కించుట ఓపిక యున్నవారి కెల్ల సాధ్యమైన పని. ఎక్కించిన దానిని పలువురు ఒకే వేళ, ఒకరి కొకరు అడ్డు రాకుండ వాడుకొనునట్లు అమర్చుటలోనే నేర్పు కలదు. ఆ అమరికలోని కీలక మేమో తెలిసికొనుటయే ఈ ప్రసంగోద్దేశము.

ముందుగా చిక్కు ఎక్కడ నున్నదో చూడవలెను. గ్రంథాలయపు బల్లమీద పుస్తకముల పట్టిక యున్న దనుకొనుడు. ఒక రైతు వచ్చి, కొబ్బరి తోటల చీడలను గూర్చిన నాలుగు పుస్తకముల కెదురుగా పెన్సిలుతో గుర్తులు పెట్టినాడు. దింపు పని ముగిసిన పిమ్మట తీరికగా వచ్చి వానిని తీసికొనవలెనని ఆయన తలంపు. సాయంకాలము ఒక విద్యార్థిని వచ్చి, పోటీ పరీక్షకు కావలసిన తొమ్మిది పుస్తకములకు గుర్తులు పెట్టుకొన్నది. మరునాడు ఒక ఉపాధ్యాయుడు వచ్చి, ఈ గుర్తులన్నియు ఎవరివో పాతవి యనుకొని రబ్బరుతో తుడిచివైచి, ‘మాలపల్లి’, ‘గణపతి’, ‘బారిస్టరు పార్వతీశము’ అను మూడింటికి తన గుర్తులు పెట్టినాడు. దింపు ముగించుకొని రైతు వచ్చి చూచునప్పటికి తన నాలుగును పోయి, తాను కోరని మూడు నవలలు గుర్తులతో నున్నవి. విద్యార్థినికి తన తొమ్మిదింటిలో ఒక్కటియు కనబడలేదు.

ఇందు దోష మెవరిది? రైతుది గాదు, విద్యార్థినిది గాదు, ఉపాధ్యాయునిది గాదు. ముగ్గురును తమకు కావలసినదానినే గుర్తించుకొన్నారు. దోషమంతయు గుర్తు పెట్టిన చోటిది. ఊరందరిదైన పట్టిక మీద ఒక్కొక్కరి సొంత కోరికను వ్రాయుటయే మూలమైన తప్పు. పోనీ, ఉపాధ్యాయుడు తుడిచివేయక యుండినచో? అప్పుడు పట్టికలో పదునారు గుర్తులుండును. గ్రంథపాలకుడు గుర్తులున్న పుస్తకములను తీసి యిచ్చినచో, ముగ్గురిలో ప్రతివానికిని పదునారు పుస్తకములు వచ్చును. తుడిచినచో ఒకరికి నష్టము, తుడవనిచో అందరికిని గందరగోళము.

కంప్యూటరు వచ్చినంత మాత్రమున ఈ చిక్కు తొలగిపోదు. ఒక్కొక్కప్పుడు పెరుగును కూడ. క్రొత్తగా డేటాబేసు కట్టువారు తరచుగా చేయు పని యేమనగా, పుస్తకముల పట్టికలోనే ‘ఎన్నుకొనబడినది’ అని యొక నిలువు వరుసను చేర్చి, అందులో అవును, కాదు అని గుర్తించుకొనుట. కంప్యూటరు ఒక్కటియై, దాని ముందు కూర్చుండు మనిషి ఒక్కడై యున్నంత కాలము అది చక్కగా నడచును. అందుచేత అందులోని దోషము కంటబడదు. రెండవ మనిషి రెండవ యంత్రము ముందు కూర్చున్న క్షణముననే అది బయటపడును. పుస్తకము ఒక్కటి, గడి ఒక్కటి, కోరువారు ఇద్దరు. ఒకరు తమ జాబితాను చెరుపుకొనుటకై మీట నొక్కిరా, రెండవవారి జాబితా కూడ చెరిగిపోవును. పెన్సిలు గుర్తు తుడిచినవాని నైనను అడుగవచ్చును. యంత్రములో తుడిచిన వా డెవడో కూడ తెలియదు.

ఒకే పట్టికను పలువురు వాడుకొనవలెనను కోరిక కంప్యూటరుతో పుట్టినది గాదు. అందు రెండు ప్రశ్న లిమిడియున్నవి. పలువురు ఒకే వేళ పట్టికను చూచుట యెట్లు? ఇది మొదటిది. చూచిన వారిలో ప్రతివాడును తనకు కావలసినదానిని తనకై వేరుగా ఎన్నుకొనుట యెట్లు? ఇది రెండవది. మొదటి ప్రశ్నకు గ్రంథపాలకులు చాలకాలము క్రిందటనే జవాబు కనుగొన్నారు. బైండు చేసిన పట్టిక ఒకరి చేతిలో నుండగా మరియొకరు వేచియుండవలసినదే. దానిని విప్పి, పుస్తకమున కొక కార్డు చొప్పున వ్రాసి సొరుగులలో నమర్చినచో, పదిమంది పది సొరుగులను చూచుకొనవచ్చును. 1791వ సంవత్సరమున, ఫ్రెంచి విప్లవ కాలమున, ప్రభుత్వము వశపరచుకొన్న గ్రంథములకు పట్టిక తయారుచేయవలసి వచ్చినప్పుడు, పేకముక్కల వెనుక భాగమున పుస్తక వివరములను వ్రాయించిరి. జూదమునకు పుట్టిన ముక్క విద్యకు పనికివచ్చినది! కార్డుల పట్టికలకు అది తొలి మెట్లలో నొకటి.

రెండవ ప్రశ్నకు జవాబు చెప్పబోవువారు సాధారణముగా మూడు త్రోవలు త్రొక్కుదురు. ఆ మూడును ఏల చెడునో తెలిసికొనుట మంచిది.

మొదటి త్రోవ: పాఠకున కొక నిలువు వరుస చొప్పున పట్టికకు చేర్చుట. ముగ్గురు పాఠకులకు మూడు వరుసలు, బాగుగనే యుండును. మూడు వందలమంది చేరినచో మూడు వందల వరుసలు! క్రొత్త చందాదారు చేరినపుడెల్ల పట్టిక కట్టడమునే మార్చవలెను. మనిషి వచ్చినపుడెల్ల గోడ పడగొట్టి గది వేయు ఇల్లు ఎన్నాళ్ళు నిలుచును?

రెండవ త్రోవ: ఒకే గడిలో కోరినవారి పేర్లన్నియు వరుసగా వ్రాయుట. ఇందు రెండు కీడులు కలవు. ఒక పాఠకుడు కోరినవన్నియు ఏవని అడిగినచో, ప్రతి పుస్తకపు గడిని విప్పి అందులోని పేర్లన్నిటిని చదువవలెను. అంతకంటె పెద్ద కీడు మరియొకటి. ఇద్దరు ఒకే వేళ ఆ గడిని తెరచి, ఎవరి పేరు వారు చేర్చి దాచినచో, వెనుక దాచినవాని వ్రాతయే నిలుచును. ముందువాని పేరు మాయమగును. తన పేరు పోయినదని అతనికి ఎవ్వరును చెప్పరు.

మూడవ త్రోవ: ప్రతివానికిని మొత్తము పట్టిక నకలు తీసి యిచ్చుట. ఎవరి నకలుపై వారు గుర్తులు పెట్టుకొందురు. తగవు లేదు. కాని క్రొత్త పుస్తకము వచ్చినపుడు నకళ్ళన్నిటిలోను వ్రాయవలెను. పుస్తకము పోయినపుడు అన్నిటిలోను కొట్టివేయవలెను. ఒక నకలులో వ్రాయుట మరచినచో, ఒకే గ్రంథాలయమునకు రెండు సత్యములు ఏర్పడును. స్వాతంత్ర్యము దక్కినది గాని పొత్తు చెడినది.

సరియైన త్రోవ యేది? దానికి ముందు ఒక చిన్న ప్రశ్న వేసికొనవలెను: ఎంపిక యనునది ఎవరి గుణము? పుస్తకపు పేరు, కర్త, పుటల సంఖ్య పుస్తకమునకు చెందినవి. చదువువా డెవడైనను అవి మారవు. సభ్యుని పేరు, ఇంటి జాడ, చందా సభ్యునకు చెందినవి. ఏ పుస్తకము చదివినను అవి మారవు. ఎంపిక మాత్రము ఒక్క పుస్తకమునకు చెందినది గాదు, ఒక్క పాఠకునకు చెందినదియు గాదు. ఆ పాఠకునకును ఆ పుస్తకమునకును ఏర్పడిన సంబంధమే ఎంపిక. పెండ్లి వధువుది మాత్రమే గాదు, వరునిది మాత్రమే గాదు. అది యిద్దరి నడుమ నున్న ముడి. ఆ ముడిని వ్రాయుటకు మూడవ పుస్తకము కావలెను.

అందుచేత పుస్తకముల కొక పట్టిక, సభ్యుల కొక పట్టిక, ఎంపికల కొక పట్టిక యుండవలెను. ఈ మూడవదానిలో ఒక్కొక్క వరుసకు రెండే ముఖ్యమైన గడులు: సభ్యుని సంఖ్య, పుస్తకపు సంఖ్య. 27వ సభ్యుడు 412వ పుస్తకమును కోరినచో ‘27, 412’ అని యొక వరుస. 31వ సభ్యురాలు అదే పుస్తకమును కోరినచో ‘31, 412’ అని వేరొక వరుస. రెండును ఒకదానిప్రక్క ఒకటి నిశ్చింతగా నుండును. 27వ సభ్యుడు తన కోరిక మానుకొన్నచో అతని వరుస మాత్రమే పోవును. 31వ సభ్యురాలి వరుస చెక్కుచెదరదు. పుస్తకముల పట్టికను ఎవ్వరును ముట్టుకొననే లేదు. సభ్యులు మూడు వందలైనను మూడు వేలైనను కట్టడము మారదు. వరుసలు మాత్రమే పెరుగును.

ఈ మాట వినుటకు క్రొత్తగా నున్నను, ఆచరణలో అందరికిని తెలిసినదే. వైనతేయ తీరమున నున్న అప్పనపల్లికి స్వామి దర్శనమునకై వచ్చు యాత్రికులకు చెప్పుల టోకెను సంగతి తెలియనిదా? దేవాలయముల యొద్ద పాదరక్షలు భద్రపరచువాడు చెప్పులమీద పేరు వ్రాయడు, మనిషి నుదుట సంఖ్య వ్రాయడు. నడుమ ఒక బిళ్ళ నుంచును. ఆ బిళ్ళయే యీ చెప్పులకును ఈ మనిషికిని గల సంబంధము. మనిషి తిరిగి రాగానే బిళ్ళ వెనుకకు పోవును, సంబంధము తీరినది, చెప్పులును మనిషియు మునుపటివలెనే యున్నారు.

గ్రంథాలయములలో ఈ సూత్రము చిరకాలముగా వాడుకలో నున్నది. అమెరికా దేశమున నైనా బ్రౌను అను గ్రంథపాలకురాలు 1895లో ప్రకటించిన పద్ధతి నేటికిని ఆమె పేరనే పిలువబడుచున్నది. ప్రతి పుస్తకమునకు ఒక కార్డు, ప్రతి పాఠకునకు సంచివంటి చిన్న టిక్కెట్టు ఉండును. పుస్తకము ఇచ్చునపుడు పుస్తకపు కార్డును పాఠకుని టిక్కెట్టులో దూర్చి, తేదీ ప్రకారము పెట్టెలో నుంచుదురు. పుస్తకము తిరిగి రాగానే రెండింటిని విడదీయుదురు. పెట్టెలోని ప్రతి జంటయు ఎంపికల పట్టికలోని యొక వరుస వంటిదే. కంప్యూటరు చేసిన దెల్ల ఆ పెట్టెను విశాలము చేయుటయే.

దీనికి గణితశాస్త్రపు పునాది వేసినవాడు ఎడ్గారు కాడ్. ఆయన 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచు, పలువురు పంచుకొను పెద్ద సమాచార నిధులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. సమాచారమును సరళమైన పట్టికలుగా నుంచి, ఒకదానికొకటి వానిలోని విలువల మూలముననే కలుపవలెనని అందలి సారము. ఎక్కడ ఏ సంగతి దాగియున్నదో వాడుకరికి తెలియ నక్కరలేదు. ఏమి కావలెనో చెప్పిన చాలును. నేడు బ్యాంకులు, విద్యుచ్ఛక్తి కార్యాలయములు వాడుచున్న డేటాబేసులలో అధిక భాగము ఆ సూత్రము మీదనే నిలిచియున్నవి.

ఈ అమరికలో పాఠకునకు కనబడున దేమి? 27వ సభ్యుడు తన సంఖ్యతో లోని కడుగుపెట్టగానే యంత్రము పుస్తకముల పట్టికను, ఎంపికల పట్టికలో 27 సంఖ్య గల వరుసలను జతచేసి చూపును. అతని కన్నులకు అతడు కోరిన పుస్తకముల ప్రక్కనే గుర్తులుండును. అదే నిమిషమున ప్రక్క గదిలో 31వ సభ్యురాలు అదే పట్టికను చూచుచుండును. ఆమెకు ఆమె గుర్తులే కనబడును. ఇద్దరును చూచుచున్నది ఒకే పట్టిక. ఎవరి గుర్తులు వారివి. పూర్వము రేవు దాటించు పడవయు ఇట్టిదే. పడవ అందరిది, మూట యెవరిది వారిది. మూటలు కలిసిపోయినచో ఆవలి యొడ్డున తగవే మిగులును.

ఇక కొన్ని సూక్ష్మములు కలవు. వానిని పాటింపనిచో మంచి కట్టడము కూడ కురియును. మొదటిది: ‘27, 412’ అను జంట ఒక్కసారి మాత్రమే యుండునట్లు కట్టడి చేయవలెను, లేనిచో తొందరలో రెండుమారులు మీట నొక్కిన పాఠకునకు ఒకే పుస్తకము రెండుమారులు కనబడును. రెండవది: పట్టికలను పేర్లతో గాక సంఖ్యలతో కలుపవలెను. పేరులోని అక్షరదోషమును దిద్దవచ్చును, ఒకే పేరు గల పుస్తకములు రెండుండవచ్చును, సంఖ్య మారదు. మూడవది: పోయిన పుస్తకపు సంఖ్యను క్రొత్త పుస్తకమునకు వేయరాదు. యాక్సెషన్ రిజిస్టరు వ్రాయు గ్రంథపాలకులకు ఈ నియమము పాతదే. వేసినచో, పాత నవలను కోరియుంచినవాని జాబితాలో తాను ఎన్నడును కోరని వ్యవసాయ గ్రంథము ప్రత్యక్షమగును. నాలుగవది: ఎంచిన తేదీని కూడ వ్రాసి యుంచవలెను. ఏండ్ల తరబడి ఎవరును తలపెట్టని కోరికలను ఒక గడువు తరువాత, సభ్యునకు చెప్పి, తీసివేయవచ్చును.

అయిదవ సూక్ష్మము పల్లెలకు మిక్కిలి ముఖ్యమైనది. సభ్యత్వ సంఖ్య మనిషికి ఈయవలెను గాని ఇంటికి గాదు, ఫోనుకు గాదు. ఒక యింట ఒకే ఫోను ఉండవచ్చును. తండ్రియు, కోడలును, బడికి పోవు పిల్లవాడును దానినే వాడుకొనుచుండవచ్చును. ముగ్గురికిని ఒకే సంఖ్య ఇచ్చినచో, పైన జెప్పిన చిక్కంతయు వెనుకకు వచ్చి ఆ యింట కూర్చుండును. తండ్రి చెరిపినచో కోడలి జాబితా పోవును. అంతేకాదు, ఆమె ఏమి చదువదలచినదో అందరికిని తెలియును. స్త్రీల ఆరోగ్యమును గూర్చిన పుస్తకమో, చదువు మానివేసిన చాల యేండ్లకు మరల పదవ తరగతి పరీక్షకు కూర్చుండుటకై కావలసిన పుస్తకమో అయినచో, పదుగురి కంటబడు జాబితాలో గుర్తు పెట్టుటకు ఆమె చేయి వెనుకాడదా? గుర్తు పెట్టని పుస్తకము చేతికి రాదు. చేతికి రాని పుస్తకము చదువబడదు. పట్టిక కట్టుటలో జరిగిన చిన్న పొరపాటు ఒక మనిషి చదువునకే అడ్డుగోడ యగును. కావున ఎంపికల పట్టికలో ఎవరి వరుసలు వారికి మాత్రమే కనబడుట అలంకారము గాదు, అవసరము.

అటులైనచో గ్రంథాలయ సంఘమునకు ఈ ఎంపికలవలన ప్రయోజనము లేదా? ఉన్నది. ఎవరు కోరినారో చూపక, ఎందరు కోరినారో లెక్కించి చూపవచ్చును. 412వ పుస్తకమును పదిమంది కోరియున్నారని తెలిసినచో రెండవ ప్రతి కొనవలెనని సంఘమువారికి తోచును. ఎవ్వరును కోరని పుస్తకము మంచిదే యైనచో దానిని ముందు బల్లమీద నుంచవలెనని తోచును. ఒకే పట్టికను పాఠకుని వైపునుండి చూచినచో అతని కోరికలు తెలియును. పుస్తకము వైపునుండి చూచినచో దాని గిరాకి తెలియును.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఎందరైనను ఒకే పుస్తకమును ఎంచుకొనవచ్చును సరే. ఉన్న ప్రతి ఒక్కటే యైనచో ఎవరికి దక్కును? ఎంచుకొనుట వేరు, తీసికొనుట వేరు. ఎంచుకొనుట కోరిక, దానికి హద్దు లేదు. తీసికొనుట స్వాధీనము, ఒక ప్రతి ఒకరి చేతిలోనే యుండగలదు. ఈ రెండింటిని ఒకటిగా తలచుటవలన రెండు విధముల కీడు కలుగును. ఎంచుకొన్నంత మాత్రమున పుస్తకమును పట్టి యుంచినచో, చూచిపోదమని వచ్చినవాడు అందరికిని అడ్డమగును. తీసికొనుటకు కూడ కట్టడి లేనిచో, ఒకే ప్రతి ఇద్దరి పేర వ్రాయబడును.

ఈ భేదమునకు తెలుగు నేలమీదనే గొప్ప నిదర్శనము కలదు. పూర్వము రైలులో ముందుగా చోటు కుదుర్చుకొనుటకు పెద్ద రిజిస్టరు లుండెడివి. ఆ రైలు రిజిస్టరు ఏ గుమాస్తా యొద్ద నున్నచో ఆ కిటికీ యొద్దనే నిలువవలెను. ప్రక్క కిటికీ ఖాళీగా నున్నను ప్రయోజనము లేదు. రిజిస్టరు రెండు చేతులలో ఉండలేదు గదా! 1985లో ఢిల్లీలో ఈ పనిని కంప్యూటరున కప్పగించిరి. తరువాత దేశమంతటికిని ఏ కిటికీనుండి యైనను ఏ రైలుకైనను చోటు దొరకునట్లు ‘కాన్సర్ట్’ అను క్రొత్త అమరికను సిద్ధపరచి, 1994లో మొట్టమొదట సికింద్రాబాదులో నడిపించిరి. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములైదును ఒకదానితో నొకటి కలిసినవి. రాజమహేంద్రవరములో ఒకరు, సికింద్రాబాదులో ఒకరు ఒకే రైలులో మిగిలిన ఒకే బెర్తును చూచుచుండవచ్చును. చూచుటకు ఇద్దరికిని అడ్డు లేదు. డబ్బు చెల్లించి తీసికొను క్షణమున మాత్రము యంత్రము ఒకరిని ముందు, ఒకరిని వెనుక నిలుపును.

ఆ క్షణమున లోపల జరుగునది యిది. ఒక పాఠకుడు ‘తీసికొందును’ అని మీట నొక్కగానే యంత్రము ఆ ప్రతికి సంబంధించిన వరుసకు తాళము వేయును. ప్రతి యింకను బీరువాలోనే యున్నదా యని చూచును. ఉన్నచో అతని పేర వ్రాసి తాళము తీయును. ఈ మూడు పనులును కలిసి ఒకే పని. నడుమ కరెంటు పోయినచో ఏదియు జరుగనట్లే యెంచబడును. రెండవవాడు ఆ కొంచెము సేపు వేచియుండి, తాళము తీయగానే లోనికి చూచి, ప్రతి వెళ్ళిపోయినదని తెలిసికొని, వరుసలో తన పేరు నిలుపుకొనును. ఈ కట్టుబాటును లావాదేవి యని పిలువవచ్చును. దీని శాస్త్రమును తీర్చిదిద్దినందులకే జిమ్ గ్రే అను అమెరికను శాస్త్రజ్ఞునకు 1998వ సంవత్సరపు ట్యూరింగు బహుమాన మీయబడినది. తాళము వేయవలసినది ఆ ఒక్క వరుసకే, ఆ ఒక్క క్షణమునకే. పట్టిక కంతకును తాళము వేసినచో మరల పాత రిజిస్టరు కాలమే వచ్చును.

పైన జెప్పిన దంతయు ఊహ గాదు. న్యూజీలాండు దేశమున హోరోఫెనువా అను ప్రాంతపు చిన్న గ్రంథాలయముల కొరకు 2000వ సంవత్సరమున ‘కోహా’ అను గ్రంథాలయ కార్యక్రమము వాడుకలోనికి వచ్చినది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక యని అర్థము. దానిని ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చును. దాని కట్టడమును విప్పి చూడవచ్చును. అందు గ్రంథముల కొక పట్టిక, వాని ప్రతుల కొక పట్టిక, సభ్యుల కొక పట్టిక వేరువేరుగా నున్నవి. ఇచ్చిన పుస్తకముల లెక్క మరియొక పట్టికలోను, కోరి వేచియున్నవారి లెక్క ఇంకొక పట్టికలోను నున్నవి. సభ్యుడు తన జాబితాను తనకు మాత్రమే కనబడునట్లు ఉంచుకొనవచ్చును. ఇష్టమైనచో అందరితో పంచుకొనవచ్చును. మన దేశమున జాతీయ సమాచార కేంద్రము వారు తయారుచేసిన ‘ఇ-గ్రంథాలయ’ కూడ గ్రంథాలయముల వాడుకలో నున్నది. కావున పల్లె గ్రంథాలయము తన పనిముట్టును తానే చేసికొన నక్కరలేదు. కాని చేసియున్న పనిముట్టులో ఏది మంచిదో ఎంచుకొనుటకైనను ఈ కీలకము తెలిసియుండవలెను. ‘ఇద్దరు ఒకే వేళ ఎంచుకొన్నచో ఏమగును?’ అని యడుగుటయే దానికి పరీక్ష.

కంప్యూటరు ఇంకను రాని గ్రంథాలయమునకు కూడ ఇందు నేర్చుకొనవలసినది కలదు. పట్టికమీద గుర్తులు పెట్టవలదని బోర్డు వ్రాసినంత మాత్రమున పాఠకులు మానరు. గుర్తు పెట్టుకొనుటకు వారికి వేరొక చోటు చూపవలెను. బల్లమీద చిన్న చీటీల కట్ట నుంచి, సభ్యుని సంఖ్యయు పుస్తకపు సంఖ్యయు వ్రాసి పెట్టెలో వేయుడని చెప్పిన చాలును. ఒక చీటీకి ఒకే పుస్తకము. నెల తిరుగునప్పటికి ఆ పెట్టెయే ఎంపికల పట్టిక యగును. తరువాత యంత్రము వచ్చిననాడు చీటీలను అట్లే ఎక్కించుకొనవచ్చును. చీటీలలో క్రమము లేనివారికి యంత్రము క్రమము నేర్పదు. ఉన్న క్రమమునే అది వేగముగా నడపును.

గణితము బోధించుచుండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు అయిదు సూత్రములు చెప్పిరి. పుస్తకములు ఉపయోగము కొరకు, ప్రతి పాఠకునకు అతని పుస్తకము, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు, పాఠకుని కాలమును ఆదా చేయుట, గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి యగుట అనునవి వాని సారము. ఆ నాటికి డేటాబేసు అను మాటయే లేదు. అయినను ఈ అయిదింటిని ప్రక్కన పెట్టుకొని చూచినచో మూడు పట్టికల అమరిక ఎందులకు మంచిదో తెలియును. ప్రతి పాఠకునకు అతని పుస్తకము దొరకవలెనన్నచో అతని ఎంపిక అతనికే మిగులవలెను. గ్రంథాలయము పెరుగవలెనన్నచో సభ్యుడు చేరినపుడెల్ల పట్టిక విరుగరాదు.

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము కోరినదియు ఇదియే. తూర్పుగోదావరి జిల్లా కొంకుదురున జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలగు పెద్దల పూనికతో 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడినది. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు పంపి, ఒడ్డున నున్న పల్లెవారికి చదువు నందించిరి. ఆ పెద్దలు పుస్తకమును కొందరి సొత్తుగా నుండనీయక అందరిదిగా చేసిరి. అందరిదైన దానిలో ఒక్కొక్కరి కోరికను కాపాడుట నేటి తరమువారి వంతు. ఈ రెండును ఒకదానికొకటి విరోధములు గావు. పట్టిక అందరిదై యుండుటచేతనే పాఠకునకు ఎన్నుకొనుటకు ఇన్ని పుస్తకములు కలవు. ఎంపిక ఒక్కనిదై యుండుటచేతనే అందరును ఆ పట్టికను నిర్భయముగా వాడుకొనగలరు.

ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయమును నిలిపిన పోషకులకును, చందాదారులకును ఈ ఉత్సవము కీర్తికరము. రాబోవు కాలమున ఈ బల్లముందు కూర్చుండు ప్రతి బాలుడును, ప్రతి గృహిణియు, ప్రతి కర్షకుడును తన పుస్తకమును తానే యెన్నుకొని, ఇతరుల యెంపికకు భంగము కలిగింపక, ఇంటికి తీసికొనిపోవుదురు గాక! గ్రంథాలయము దినదినాభివృద్ధి గాంచి చిరకాలము వర్ధిల్లు గాక!